ఇన్షిరాహ్ పేరు మీద నీళ్ళు

ఇన్షిరాహ్ చనిపోయిన నలభయ్యో రోజు జరిపిన మర్నాడు పొద్దున్నే, ఆమె పెంచిన చేపల్లో మొదటిది వెల్లకిలా తేలింది. తోక అంచు తెల్లగా ఉండే బంగారు చేప. ఆమె భర్త వగీహ్ దాన్ని టీ వడపోసే జల్లెడతో పైకి తీశాడు. చేపల వల ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలుసు.

మూత్రపిండాలు పాడైన దగ్గర్నుంచీ ఆమె నీళ్ళు కొలుచుకుని తాగేది. దాహం మరీ వేధించినప్పుడు గాజు తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. "వీళ్ళదే అదృష్టం. కాపురమే నీళ్ళలో," అనేది. ఉబ్బు కళ్ళ నల్ల చేపకు పాషా అని పేరు పెట్టింది. పొట్ట ముందుకేసుకుని, ఎవరికీ దారివ్వకుండా తిరుగుతుందని.

షుబ్రా పేటలోని ఆ భవనంలో ఆమె దాహం సంగతి తెలియనివాళ్ళు లేరు. అందుకే నలభయ్యో రోజుకు అందరూ కలిసి వీధి వాకిట్లో చల్లని నీళ్ళ పెట్టె పెట్టించారు. బడికి పోయే పిల్లలు, బండ్లవాళ్ళు, బస్సు దిగిన ఆడవాళ్ళు ఆగి తాగుతారు. వాళ్ళు తాగిన ప్రతి గుక్కా ఆమెకు పుణ్యమై చేరుతుంది. పెట్టె మీద ఇత్తడి రేకు, రేకు మీద ఆమె పేరు. భవన సంఘం పెద్ద హాజీ బయూమీ అంతటితో ఊరుకోలేదు. మేడ మీది ఇనుప ట్యాంకు కూడా తోమించి, లోపల కొత్తగా రంగు వేయించాడు.

"ఆ తల్లి పేరు మీద పోసే నీళ్ళు తుప్పు ట్యాంకులోంచి రాకూడదు," అన్నాడు.

ఆ మాటకు వగీహ్ కళ్ళు చెమర్చాయి. పెట్టెలోంచి మొదటి గ్లాసు అతనే తాగాడు. నారింజ పూల వాసన వేసింది. హాజీ రోజూ పొద్దున్నే పెట్టెలో ఇంత పూల అత్తరు నీరు కలుపుతాడు.

ఆ సాయంత్రం, పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, వగీహ్ భార్య చేసే పని చేశాడు. ఆమె గురువారం గురువారం తొట్టిలో నీళ్ళు కొంత తీసి, కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేసేది. అతనూ అలాగే చేశాడు. తెల్లారేసరికి చేప పోయింది.

ఎదురింటి ఉమ్ షిహాబ్ అన్నం గిన్నె ఇవ్వడానికి వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది.

"మంచిదే అయింది ఉస్తాదూ. నీ మీదికి రావలసిన కీడు అది నెత్తినేసుకుని పోయింది."

"అది చేపమ్మా. నా కీడు మోసేంత నెత్తి దానికెక్కడిది?"

"నవ్వకు. దిష్టి పొగ వేస్తానుండు."

అతను నవ్వలేదు. తరగతిలో తప్పు జవాబు చెప్పిన పిల్లల్ని చూసినట్టు చూసి, గిన్నె అందుకున్నాడు.

రెండో చేప పోయాక శుక్రవారం సంతకు వెళ్ళాడు. చేపలమ్మే రిజ్క్ బేరాల మధ్యనే విన్నాడు.

"ఇంట్లో ఎవరైనా పోయారా?"

"నా భార్య."

"అదీ సంగతి. ఇంట్లో మనిషి పోతే చేపలకు మేత ఎక్కువ పడుతుంది, సార్. మనం తినలేనిదంతా వాటికి పెడతాం. మేత అడుగున కుళ్ళి నీళ్ళను విషం చేస్తుంది. మేత తగ్గించు, నీళ్ళు ఇంకా మార్చు."

అది నిజమే అనిపించింది. వగీహ్ మేత తగ్గించాడు, నీళ్ళు ఎక్కువగా మార్చాడు. చేపలు మరీ త్వరగా పోసాగాయి. గాలి మోటారు విప్పి చూశాడు. బుడగలు బాగానే వస్తున్నాయి. వడపోత స్పాంజిని తొట్టి నీళ్ళలోనే పిండి పెట్టాడు. ఉమ్ షిహాబ్ పొగను గుమ్మం దగ్గరే ఆపేశాడు. ఆమె రెండ్రోజులు మాట్లాడలేదు. దోమల మందు పారేశాడు. కిటికీ ఎండ పడకుండా తెర వేశాడు. చేప పోయిన ప్రతిసారీ ఒకటే తోచేది: నీళ్ళు మార్చాలి. మార్చేవాడు. తనకు చేతనైన ఏకైక సేవ అదే.

ఇంతలో కింద మోటారు కాలిపోయి వారం పాటు ట్యాంకుకు నీళ్ళెక్కడం ఆగింది. భవనమంతా బిందెలతో వీధి చివర మసీదుకు నడిచింది. తొట్టికి కొత్త నీళ్ళు పట్టడం కుదరలేదు. చేపలు చస్తాయని వగీహ్ బెంగపెట్టుకున్నాడు. ఒక్కటీ చావలేదు. పైగా పాషా మునుపటిలా గాజుకు ముక్కు రాసి మేత అడిగింది.

మోటారు బాగుపడ్డ రోజు అతను సంతోషంగా నీళ్ళు మార్చాడు. తెల్లారేసరికి మిగిలిన రెండింటిలో చిన్నది పోయింది. పాషా ఒక పక్కకు ఒరిగి, మొప్పలు ఆడించడానికి అవస్థపడుతోంది.

అతను ఇన్షిరాహ్ కుర్చీలో కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగానో కళ్ళెదుటే ఉన్న లెక్క అప్పుడు తేలింది. నీళ్ళు మార్చని వారం ఎవరూ పోలేదు. మార్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పోయారు. వాటిని బతికించాలని తను చేసిందల్లా వాటి మీద ఆ కుళాయి తిప్పడమే.

లేచి మసీదుకు వెళ్ళాడు. అక్కడ నీళ్ళు నేరుగా నగరం గొట్టం నుంచి వస్తాయి. డబ్బాలు నింపుతుంటే ఎవరో అడిగారు.

"మీ మోటారు బాగుపడిందిగా, ఉస్తాద్?"

"బాగుపడింది. అదే బాధ."

పండగ వంట గిన్నెలో ఆ నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి, పాషాను వదిలాడు. సాయంత్రానికి అది నిటారుగా నిలిచింది. అప్పుడు మేడ ఎక్కాడు.

ట్యాంకు మూత ఎత్తగానే గాఢమైన వాసన కొట్టింది. కింద పూల నీటి పరిమళం ఇన్నాళ్ళూ కప్పిపుచ్చింది దీన్నే. లోపలి గోడలు ఎర్రగా ఉన్నాయి. నీటి మీద నూనె తెట్టు కదులుతోంది. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. ఖాళీ రంగు డబ్బా గోడ మూలనే దొరికింది. డబ్బా మీద ఇనుప గేటు బొమ్మ. దాని కింద అక్షరాలు: సీసం కలిసినది, తాగే నీటికి తగలనివ్వరాదు.

డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. హాజీ బయూమీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉమ్ షిహాబ్ తన కూతురి బడి సీసా పెట్టెలోంచి నింపుతోంది.

"హాజీ, ట్యాంకుకు వేయించిన రంగు ఇదేనా?"

"ఇదే. గట్టి సరుకు. మా బావమరిది గేట్లకంతా ఇదే వాడతాడు."

"ట్యాంకు గేటు కాదు. ఇందులో సీసముంది. చేపలన్నీ దీంతోనే పోయాయి."

హాజీ చుట్టూ ఉన్నవాళ్ళకేసి చూసి నవ్వాడు. "విన్నారా? పాషాగారికి మన నీళ్ళు పడలేదట. ఇకనుంచి వారికి సీసా నీళ్ళు తెప్పిద్దాం." నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "ఉస్తాదూ, నీ బాధ మాకు తెలుసు. నేనూ తాగుతున్నాను కదా. చూడు, గుర్రంలా ఉన్నాను."

"మీ ఇంట్లో ఫిల్టరుంది. ఈ పాప సీసాకు లేదు."

"అంటే మేం విషం పోస్తున్నామంటావా? ఇది ధర్మం. నీ భార్య పేరు మీద చేశాం."

"అందుకే అడుగుతున్నాను. ట్యాంకు ఖాళీ చేయించి రంగు గీకించండి. అంతవరకు ఈ పెట్టె కట్టెయ్యండి."

"ఎండాకాలంలో జనం నోట్లోంచి నీళ్ళు లాక్కోమంటావా? ఏ మొహంతో?"

వగీహ్ జీవితంలో పాఠం చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు. డబ్బాను హాజీ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నా భార్య గుక్కెడు నీళ్ళకు అల్లాడింది, హాజీ. ఆమె పేరు చెప్పి మీరు పిల్లలకు సీసం తాగిస్తున్నారు. ఇందులో పుణ్యం ఉంటే అది మీరే ఉంచుకోండి. ఆమె పేరు నాకిచ్చెయ్యండి."

వంగి పెట్టె వెనక కవాటం తిప్పి కట్టేశాడు. జేబులోంచి నాణెం తీసి, ఇత్తడి రేకు మరలు ఒక్కొక్కటే విప్పాడు. ఎవరూ అడ్డు రాలేదు. ఉమ్ షిహాబ్ తన చేతిలోని సీసా నీళ్ళు కాలవలోకి వంచేసింది.

"చేపల సంగతి నవ్వులాటనుకున్నాను, ఉస్తాదూ," అంది.

రాత్రి నమాజు వేళకు హాజీ కవాటం మళ్ళీ తెరిపించాడు. వగీహ్ కట్టాడు. వాళ్ళు తెరిచారు. రేకు ఉన్న చోట అతను అంటించిన హెచ్చరికను ఎవరో చింపేశారు. ఇప్పుడు భవనంలో మాట్లాడుకునేది ట్యాంకు గురించి కాదు. చచ్చిన పెళ్ళానికి చేరే పుణ్యాన్ని మొగుడే ఊడబెరికాడని. మెట్ల మీద ఎదురైతే కొందరు సలాం చెప్పడం మానేశారు. నీళ్ళకు మసీదు దాకా నడిచేది వగీహ్, ఉమ్ షిహాబ్, ఆమె కూతురు.

ఇత్తడి రేకు గాజు తొట్టి పక్కన ఉంది. పాషా మసీదు నీళ్ళలో తిరుగుతోంది. ట్యాంకు ఇంకా ఖాళీ చెయ్యలేదు.