ముల్లు లేవని కారు

రేడియేటరు పైపు మీద అరచెయ్యి ఆనించి పాపన్న కళ్లు మూసుకున్నాడు. ఇంజన్ తిరగడం మొదలై పది నిమిషాలయింది. మంచి ఇంజన్ అయితే ఆ పైపు కాసేపు చల్లగా ఉండి, ఉన్నట్టుండి చెయ్యి చుర్రుమనేలా కాలాలి. ఇది మాత్రం మొదటినుంచీ గోరువెచ్చగానే ఉంది. స్టీరింగు వెనక వేడి చూపే మీటరులో ముల్లు అడుగు గీత దగ్గరే పడుకుంది. యాభై ఎనిమిదేళ్ల ఆ అరచేతికి సంగతి అప్పుడే తెలిసిపోయింది. అయినా చెయ్యి తియ్యలేదు. తన చెయ్యి అబద్ధం చెబుతోందేమోనని ఒక ఆశ.

కారు పాత గిరాకీ హనుమంతప్పది. ఆయన పోయి ఏడాదయింది. ఇప్పుడు నడుపుతున్నది కూతురు నందిని. బస్సు ముఖం చూడని ఊళ్లో టీచరు. షెడ్డు రేకు నీడలో నిలబడి సంగతి చెప్పింది.

"పొగ పరీక్షలో రెండుసార్లు ఫెయిలయింది పాపన్నా. ఇంజన్ వేడెక్కడమే లేదంట, పెట్రోలు సగం పచ్చిగానే పోతాందంట. శనివారం లోపల సర్టిఫికెట్ రాకుంటే బండికి ఫిట్‌నెస్ చెయ్యరు. ఇంగ తుక్కు కిందికి పోవాల్సిందే."

"చూస్తాండామ్మా," అన్నాడు పాపన్న.

సోమందేపల్లె హైవే పక్కన ఈ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లుగా అతను చేస్తున్నదల్లా ఇంజన్లను చల్లబరచడమే. ఈ ఎండకి, రేడియేటరులో పోసే ఉప్పు బోరు నీళ్లకి, ఏ బండయినా నాలుగు మైళ్లు పోకముందే బుస్సుమనేది. షెడ్డు మొదటి ఓనరు హనుమంతరాయుడు దానికొక చిట్కా నేర్పాడు. రేడియేటరుకు వెళ్లే నీళ్ల దారిలో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజన్ కాగేదాకా నీళ్లను ఆపడం దాని పని. అది పీకి పారేస్తే నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, బండి ఉడకదు. అంతే. పాపన్న చెయ్యి పడితే ముల్లు లేవదని కుందుర్పి దాకా పేరు. పేరు తప్ప ఇంకేమైనా సంపాదించాడా అంటే, నడుం నొప్పి. ఎప్పుడో ఒక బెంగుళూరు మెకానిక్కు ఇక్కడ టీకి ఆగి, వాల్వు పీకితే ఇంజన్ చలికే అరిగిపోతుందని చెప్పాడు. ఈ ఎండలో చలట అని షెడ్డంతా పడి పడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది పాపన్నే.

సెన్సారు వైరు పీకి ఇంజన్ ఒంటికి ఆనించాడు. ముల్లు చివరిదాకా ఎగిరింది. అంటే మీటరూ బాగుంది, వైరూ బాగుంది. కొత్త సెన్సారు పెట్టి చూశాడు, ముల్లు మళ్లీ పడుకుంది. రేడియేటరు నిండా నీళ్లున్నాయి. ఇక అనుమానించడానికి తన చేతులు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంజన్ ఆపి, చల్లారాక రెండు బోల్టులు విప్పి మూత తీశాడు. వాల్వు ఉండాల్సిన చోట తెల్లటి సున్నం పొర. గోకితే దాని కింద మేకుతో గీసిన చిన్న శిలువ కనబడింది. ఏ ఇంజన్ మూసేముందయినా, ప్రభువా కాపాడు అనుకుంటూ పాపన్న గీసే గుర్తు అది.

వెనక నుంచి ఓనరు చంద్రమోహన్ తొంగిచూశాడు. హనుమంతరాయుడి కొడుకు. తండ్రి పోయాక షెడ్డు చేతికొచ్చి నాలుగేళ్లయింది.

"సెన్సారు పోయిందని చెప్పు," అన్నాడు మెల్లగా. "వైరులో ఏందో ఒకటి కట్టి ముల్లు నడిమికి నిలబెట్టు. పొగ సర్టిఫికెట్ నేను ఇప్పిస్తా. వాల్వు మాట ఎత్తితే ముప్పై ఏండ్ల బండ్లన్నీ ఈడికే వస్తాయి. నీ పని నువ్వు చూసుకో."

పాపన్న మూత పక్కన పెట్టి లేచాడు. పెనుకొండ నుంచి బస్సు కండక్టరు చేత కొత్త వాల్వు తెప్పించాడు. పక్కనే సుంకమ్మ టీ బంకు. పాలు దించాక పొయ్యి మీద గిన్నెతో నీళ్లు పెట్టించి, వాల్వును దారం కట్టి వేలాడదీశాడు. చూడకుండా బిగించే అలవాటు అతనికి లేదు. నీళ్లు తెర్లేముందు ఆ ఇత్తడి మూత మెల్లగా నోరు తెరిచింది. పైకి తీస్తే మెల్లగా మూసుకుంది. మళ్లీ ముంచాడు. మళ్లీ తెరుచుకుంది. వందల వాల్వులు పీకాడు గాని, ఒకటి పనిచేస్తుంటే చూడడం పాపన్నకు ఇదే మొదటిసారి.

"ఏమన్నా, నీళ్లు ఇగిరిపోతాండాయి," అంది సుంకమ్మ.

"ఇంగొక్కసారి సుంకమ్మా," అన్నాడు. తలెత్తి ఆమెను చూడలేక దారాన్ని మళ్లీ నీళ్లలోకి దించాడు.

మధ్యాహ్నానికి రేడియేటరు కడిగి, కూలెంటు పోసి, వాల్వు బిగించాడు. ఈసారి శిలువ గీయలేదు. ఇంజన్ తిప్పితే ముల్లు కదిలింది, పైకి లేచింది, సగానికి వచ్చి ఆగింది. నందిని ముఖం వికసించింది.

"సెన్సారేనా?"

చంద్రమోహన్ చూస్తున్నాడు. బండ్లు తెచ్చిన ఇద్దరు డ్రైవర్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఊఁ అంటే చాలు, పాపన్న పేరూ పనీ రెండూ నిలిచేవి.

"కాదుమ్మా. లోపల వాల్వు లేదు. పదకొండేండ్ల కిందట నేనే పీకినా. అది తప్పని ఈ పొద్దు తెలిసింది."

నందిని మీటరులో ముల్లు వైపు చూసింది.

"మా నాయన ఇంటికొచ్చినోళ్లకంతా ఆ ముల్లు చూపిస్తాండె, పాపన్న చెయ్యి అని. పెట్రోలు తాగుతాందని నేనంటే నన్నే కసురుకుంటాండె." తాళంచెవి తీసుకుంది. "ఎన్ని బండ్లకు చేసినావు ఇట్ల?"

"వచ్చిన అన్నిట్కీ."

ఆమె తలుపు వేసుకుని బండి తిప్పింది. కారు హైవే ఎక్కింది. డ్రైవర్లిద్దరూ లేచి వెళ్లి తమ బానెట్లు ఎత్తి చూసుకోసాగారు.

చంద్రమోహన్ గొంతు పెంచలేదు. "రేపట్నుంచి రావద్దులే. మా నాయన పెట్టుకున్న మనిషివని ఇన్నాళ్లూ చూసినా."

ఆ నాయనే నేర్పాడని పాపన్న అనలేదు. చచ్చిపోయినవాడి మీద గౌరవంతో కాదు, పీకింది తన చేతులు గనక. ఆ చేతులు కిరసనాయిలుతో తోముకుని, చొక్కా తొడుక్కుని, నాలుగింటి బస్సెక్కాడు. ఎవరూ ఆపలేదు.

మరునాడు కుందుర్పి నుంచి ఒక జీపు వచ్చింది. ముల్లు లేస్తోందని, పాపన్నతో వాల్వు తీయించుకుందామని వచ్చానని చెప్పాడు డ్రైవరు. పాపన్న మానేశాడని చెప్పి, చంద్రమోహనే ఆ వాల్వు పీకి పంపించాడు.

షెడ్డు మూల, ఏవో ఎన్నికల నాటి ఫ్లెక్సీ ఒకటి పరిచే ఉంది. బండ్ల కింద దూరడానికి పాపన్న వేసుకునేది. దాని మీద నాయకుడి ముఖం ఎప్పుడో చెరిగిపోయింది. నల్లటి నూనె మరకలో ఒక తల, రెండు భుజాలు, ఒక వీపు అచ్చుపడి ఉన్నాయి.