మిషను పలికిన మాట

తిరుప్పూరులో చెన్నియప్పన్ బనియన్ల కంపెనీకి పనివాళ్లను తెచ్చేది పూంగోదై. కముది వైపు ఊళ్లు తిరిగేది, అరుగుల మీద కూర్చుని ఇచ్చిన మజ్జిగ తాగేది, తియ్యగా మాట్లాడేది. ఆడపిల్లలు వచ్చేవాళ్లు. పనిలో చేయి తిరిగేసరికి వెళ్లిపోయేవాళ్లు. ఆమె మళ్లీ బస్సెక్కేది.

వెళ్లిపోయిన పిల్ల కుట్టుమిషను మాత్రం ఊరుకునేది కాదు. ఆ పిల్లకు పూంగోదై ఏం చెప్పి తెచ్చిందో, ఆ మాటే పూంగోదై గొంతుతో పలుకుతూ ఉండేది. "ఆదివారం సెలవే అమ్మణీ." "హాస్టల్లో మీ ఇంట్లో ఉన్నట్టే." ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. మిగతా మిషన్ల రొదలో అవి వినపడేవీ కావు. అందుకే కొత్తవాళ్లను పూంగోదై పని జోరుమీదున్నప్పుడే లోపలికి తెచ్చేది.

ఒకరోజు తామరై అనే పిల్లనూ, ఆమె తల్లి వీరాయినీ వెంటబెట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే కరెంటు పోయింది. హాలంతా సద్దుమణిగింది.

కిటికీ పక్క మిషను అంది: "మీ నాన్నకి బాగోలేదని కబురొస్తే ఆ రోజే బస్సెక్కిస్తా శివకామీ. పూచీ నాది."

వీరాయి ఆగింది. "నీ గొంతే కదమ్మా. ఎక్కించావా?"

అబద్ధం పూంగోదై నాలుక చివరిదాకా వచ్చింది. కుట్టేవాళ్లంతా చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె వంకే చూస్తున్నారు. శివకామి గేటు దగ్గర ఏడ్చిన రోజు వాళ్లకీ గుర్తే.

"లేదు," అంది తలవంచుకుని. "సరుకు లోడు వెళ్లాలని ఆపేశాం. ఆ పిల్ల చేరేసరికి దహనం కూడా అయిపోయింది. మళ్లీ రాలేదు."

"మరి మా పిల్లకేం చెబుతావు?"

"ఆర్డరుంటే ఆదివారాలు పోతాయి. హాస్టల్లో నీళ్లకి వరస కట్టాలి. ఇంటినుంచి కబురొస్తే సెలవు సంగతి... కాస్త ఉండండి, సార్‌ని అడిగొస్తా."

తన గదిలో చెన్నియప్పన్ విసుక్కున్నాడు. "ఇలా ఉన్నదున్నట్టు చెబితే ఎవరొస్తారు?"

"చెప్పకపోతే వచ్చినవాళ్లు ఉండట్లేదు సార్. మనం నేర్పుతున్నాం, పక్క కంపెనీవాడు కుట్టించుకుంటున్నాడు. ఇంటినుంచి కబురొస్తే ఆ రోజే పంపుతామనండి. ఇకమీదట కొత్తవాళ్లని మిషన్లు ఆపి ఓ పూట కూర్చోబెడతా. అన్నీ విన్నాక కూడా ఉంటామన్నవాళ్లనే తీసుకుందాం."

తెరిచిన తలుపులోంచి, హాల్లో మిషన్లు పలుకుతున్న మాటలన్నీ అతనికీ వినిపిస్తూనే ఉన్నాయి. "సరే, పో," అన్నాడు ముఖం తిప్పుకుని.

తామరై చేరింది. ఆ తర్వాత చేరినవాళ్లు కొద్దిమందే, కాని నిలిచారు.

వేసవిలో వీరాయికి కామెర్లు ముదిరాయని ఫోనొచ్చింది. పూంగోదై ఆ పూటే తామరైని బస్సెక్కించింది. పసరు పోయిస్తున్నవాళ్లను కాదని తామరై తన తల్లిని మధురై ఆస్పత్రికి చేర్చింది. వీరాయి బతికింది.

తామరై తిరిగొచ్చి మురుకుల పొట్లం పూంగోదై చేతిలో పెట్టింది. "నువ్వు పంపబట్టే అమ్మ దక్కింది అక్కా."

పూంగోదై ఆ పొట్లం విప్పలేకపోయింది. బస్సెక్కించి రావడానికి పట్టిందల్లా టీ తాగేంత సేపు. శివకామికి ఆ పాటి కూడా చేయలేదు.

మరుసటి ఆదివారం ఆమె శివకామి ఊరికి వెళ్లింది. దారిపొడుగునా క్షమించమనే మాటలు పేర్చుకుంటూ వచ్చింది. గడప దగ్గరికొచ్చాక చెప్పులు విడిచి, తలవంచుకుని ఎండలోనే నిలబడింది.

శివకామి గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. "ఎండలో ఎంతసేపుంటావు? లోపలికి రా అక్కా," అంది.