తియ్యని మూత

కొత్త టీవీ అల్లుడే కొని తెచ్చాడు. మామగారికి చెవులు మందం. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత సౌండ్‌బార్ లేకపోతే వార్తలు చదివేవాళ్లు ఊరికే నోరు ఆడిస్తున్నట్టే ఉంటుంది. ఆ బార్‌కున్న ఎరుపు, తెలుపు తీగలకి కొత్త టీవీలో చోటు లేదు. టీవీకీ, బార్‌కీ ఉమ్మడిగా ఉన్నది చిన్న చదరపు రంధ్రం ఒక్కటే. అల్లుడు దానికి సరిపడే సన్నటి వైరు తెచ్చి, బలంగా నొక్కి పెట్టాడు. సౌండ్ ఆఖరుదాకా పెంచినా చప్పుడు లేదు.

"ఇది చచ్చిపోయింది మామయ్యగారూ! అవతల పారేయండి," అని అరిచి వైరు పీకేశాడు.

మామగారు బార్ మీది దుమ్ము చేత్తో తుడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

అత్తగారు వైరు చుట్టబోతూ ఆగింది. "పెన్నుకున్నట్టు దీనికీ టోపీ ఉందేంటి బాబూ? ఇది తియ్యక్కర్లేదా?"

రెండు కొసలకీ గాజులా కనిపించే ప్లాస్టిక్ మూతలు. అల్లుడు వాటిని లాగి, వైరు మళ్లీ పెట్టాడు. వార్తలు గది అదిరేలా మోగాయి.

"చచ్చింది లేచి కూర్చుందే!" వంటింట్లోంచి అతని భార్య నవ్వింది.

మామగారు అప్పుడే చిన్నకూతురికి ఫోన్ చేశారు. చెవుడు కదా, వీధికంతా వినిపించేలా చెప్తున్నారు: "బార్ పోయిందనే అనుకున్నానమ్మా. మీ బావ ఉండబట్టి సరిపోయింది. ఎంత ఓపిగ్గా బాగుచేశాడో!"

అల్లుడు మూతలు గుప్పిట్లో పెట్టుకుని, పనేమీ లేకపోయినా, టీవీ వెనకే వంగి ఉండిపోయాడు.