చివరి బండి పోయేదాకా

సైకిళ్ళ పందెం పెట్టిన పెద్దలూ, పందెం పనులు గుత్తకు పట్టిన కాంట్రాక్టరూ, జీపుల్లో తిరిగిన అధికారులూ, మీకు నోరు లేదా? చేతుల్లో వైర్‌లెస్ సెట్లు, మెడల్లో కార్డులు, చెవుల్లో తీగలు. ఎండ మితిమీరిందని, కర్నూలు నుంచి తొక్కుకుంటూ వచ్చిన సైకిళ్ళవాళ్ళను నంద్యాలలోనే ఆపేశారు. మెడల చుట్టూ తడిగుడ్డలు వేశారు. చల్లటి బస్సులెక్కించి పెద్దరోడ్డు మీదుగా ఆళ్లగడ్డకు చేర్చారు. మంచి పని చేశారు, వాళ్ళూ మనుషులే. మరి కొండవార రోడ్డు మలుపులో ఎర్రజెండా ఇచ్చి నిలబెట్టిన కృపావరం ఎవరు? కరెంటు స్తంభమా? పందెం ఇంక రాదు, ఇంటికి పో అని ఆ మనిషికి చెప్పడానికి మీలో ఒక్కరికీ నాలుక తిరగలేదా? కొండ అడ్డమొచ్చి ఫోన్ అందకపోతే మోటారు సైకిలు మీద ఒకడిని పంపలేరా?

ఆ రోజు ఏం జరిగిందో వినండి.

తెల్లారుతూ ఉండగా, కుదుపుల్లో పోతున్న ట్రాలీ ఆటోలో కూర్చుని కృపావరం జెండా కుడుతున్నాడు. గుడ్డ కొత్తదే కానీ కర్రకు సరిగ్గా బిగించలేదు. గాలికి జారిపోయే జెండా అతనికి నచ్చదు. సూది, ఎర్ర దారం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఏళ్ళ తరబడి కర్ర ఎత్తిపట్టి కుడి భుజం ఎడమ భుజం కంటే పైకి లేచిపోయింది. దూరం చూసి చూసి కళ్ళు చిట్లించే ఉంటాయి, చీకట్లో కూడా. నంద్యాలలో చర్చి వెనక సందులో రేకుల గది అతనిది. ఆదివారం ఆరాధన జరుగుతుంటే లోపల కూర్చోలేడు, గేటు దగ్గర నిలబడి స్కూటర్లకు దారి చూపిస్తూ ఉంటాడు. పాటలు అక్కడి నుంచే పాడతాడు.

రోడ్డు పనుల్లో జెండా మనిషి అతను. మొదట కంకర మోశాడు. నడుం పట్టేసింది. పనికిరాడని పంపేయకుండా ఒక మేస్త్రీ జెండా ఇచ్చాడు. అప్పటి నుంచీ ఇదే బతుకు. పాములపాడు రోడ్డు వేసినప్పుడు ఉన్నాడు, కొత్తపల్లె రోడ్డు వేసినప్పుడు ఉన్నాడు, నందికొట్కూరు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఉన్నాడు. ఈ జిల్లాలో బస్సెక్కిన ప్రతి ఒక్కరూ అతన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. అతని పేరు తెలిసినవాళ్ళను మాత్రం ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. రోడ్డు ఒక పక్క తవ్వినప్పుడు ఇంకో పక్క నుంచే బండ్లు పోవాలి. ఈ కొసన ఒక జెండా, ఆ కొసన ఒక జెండా. ఒకరికొకరు కనపడరు. ఈ కొస మనిషి బండ్లను వదిలి, వరసలో చివరి బండి డ్రైవరు చేతికి ఒక పచ్చి కొమ్మ ఇస్తాడు. ఆ కొమ్మ అవతలి మనిషికి అందితే వరస అయిపోయినట్టు. అప్పుడే అతను తన వైపు బండ్లను వదులుతాడు. కొమ్మ రాకముందే వదిలితే లారీలు ఎదురెదురుగా గుద్దుకుంటాయి.

నోటిమాట పనికిరాదు. ఎందుకంటే తొందరలో ఉన్న ప్రతివాడూ ఒకటే మాట చెప్తాడు, "ఎనక ఎవరూ ల్యారప్పా, నేనే లాస్టు" అని. పెళ్ళివాళ్ళు చెప్తారు, పోలీసులు చెప్తారు. ఒకసారి పాస్టరుగారే కారు అద్దం దించి "వెనక ఎవరూ లేరు నాయనా" అన్నారు. ఆయన వెనకే గడ్డి ట్రాక్టరు వచ్చింది.

నందికొట్కూరు రోడ్డు మీద ఉన్నప్పుడే అతను ఒక బస్సు ఆపాడు. కిటికీ దగ్గర రజిని కూర్చుని ఉంది. రజిని అతని భార్య. రోడ్డు పక్క కూలీల గుడారాల్లో పిల్లను పెట్టుకుని బతకలేనని పుట్టింటికి వెళ్ళిపోయి అప్పటికి చాలా రోజులైంది. ఒళ్ళో సిరి ఉంది, కూతురు. వేరుశనగ బుడ్డలు ఒలుచుకుని తింటోంది. రజిని అతన్ని చూసింది. అతను రజినిని చూశాడు. జెండా చేతిలో ఉంది కాబట్టి పక్కకు రాలేడు. ఆమె కిటికీలోంచి ఏదో అనబోయింది. ఇంతలో అవతలి నుంచి వచ్చిన లారీ డ్రైవరు కొమ్మ చాచాడు. కృపావరం కొమ్మ అందుకుని జెండా దించాడు. బస్సు కదిలిపోయింది. ఆ బస్సును ఇంకాసేపు ఆపి ఉంటే అడిగేవాడెవడూ లేడు. తర్వాత వాళ్ళు గుంటూరు పక్కకు పోయారని విన్నాడు. అంతే విన్నాడు.

మలుపు దగ్గర ఆటో ఆగింది. కాంట్రాక్టరు సూపర్‌వైజరు మనోజ్ అప్పటికే బైకు మీద వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉండవు. నల్లమల కొండల కింద, మహానంది దాటినాక రుద్రవరం వైపు పోయే రోడ్డు అది. పందెం కోసమని కొత్త తారు పోశారు. ఎడమ చేతికి ఒక పల్లె బాట వచ్చి రోడ్డును కలుస్తుంది. మలుపులో చూపుకు అడ్డమని వేపచెట్లు కొట్టేశారు. మొదళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"కృపావరమన్నా, ఇది నీ జాగా. సైకిళ్ళు ఈడ బాణం మాదిరి వస్తాయి. ఈ బాట నుంచి కోడిపిల్ల కూడా రోడ్డెక్కకూడదు. ఒక ట్రాక్టరు అడ్డమొస్తే పానాలు పోతాయి."

"ఎప్పుటిదాకా ఉండల్ల సారూ?"

"ముందర పోలీసు జీపు, ఎనక సైకిళ్ళు, వాటెనక కార్లు. అన్నిటికన్నా కడాన తెల్ల బండి ఒకటి వస్తాది. దానికి చీపురు కట్టింటాది. తొక్కలేక కూలబడినోళ్ళను ఊడ్చి ఎక్కించుకునే బండి. అది పోయినాకనే నువ్వు కదలాల."

కృపావరం ముఖం విప్పారింది. "మా కొమ్మ మాదిరి."

"ఏం కొమ్మ?" అన్నాడు మనోజ్, ఫోన్ చూసుకుంటూ. జవాబు కోసం ఆగలేదు. "ఈ పొద్దొక్కటి కంప్లైంటు రానీయాకు. ఆళ్లగడ్డ గోడౌన్ గేటుకు నిన్నే పెట్టమని చెప్తా. రేకుల షెడ్డు, ఫ్యాను, కుర్చీ. నీళ్ళబండి వస్తాదిలే." ఒక సీసా నీళ్ళు చేతికిచ్చి బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

షెడ్డు. ఫ్యాను. కుర్చీ. రోడ్డు పనుల్లో జెండాలకు బదులు ఎర్రలైట్ల బండ్లు వచ్చాయి. ఏడాదిగా అతన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. నీడలో కూర్చుని చేసే పని ఒక్కటి దొరికితే చాలు, చచ్చేదాకా అక్కడే ఉండిపోతాడు. కళ్ళు మూసుకుంటే అదే కనిపించింది, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ.

కాసేపటికి బాటలోంచి సుంకమ్మ ఎనుములను తోలుకుంటూ వచ్చింది. ఆ పల్లె మనిషి. గేదెలను కొండ పక్కకు మేపుకు తోలుకుపోతోంది.

"ఏమప్పా, ఎర్రజెండా పట్టుకోనుండావ్, పార్టీ మీటింగా?"

"సైకిళ్ళ పందెం అమ్మా. బేగా దాటించుకో, ఇంక ఆపేస్తా."

"సైకిలు తొక్కేదానికి పందెమా! మా మొగుడు బతికినన్ని దినాలూ తొక్కె. ఒక కప్పు చేతిలో పెట్టినోడు ల్యాకపాయ." ఎనుములు దాటుతుంటే ఆమె ఆగి అతన్ని పైకీ కిందికీ చూసింది. "నీకేమొస్తాదప్పా ఈడ నిలబడితే?"

"కుర్చీ."

"కుర్చీనా? మంత్రి పదవి గాని ఇస్తాండారా ఏంది?"

కృపావరం పగలబడి నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి, చుట్టూ చూసి, ఊరుకున్నాడు. ఆమె చెంబులో మజ్జిగ ఇచ్చింది. నిలబడే తాగాడు. "సాయంత్రం ఇట్లనే వస్తా, ఉంటావా?" అంది. "యాడుంటా, అప్పుటికి ఆళ్లగడ్డలో ఉంటా" అన్నాడు.

తర్వాత ఒక ట్రాక్టరును ఆపి వెనక్కి పంపాడు. మిరపకాయల కూలీల ఆటోను ఆపాడు. వాళ్ళు తిట్టుకుంటూ పోయారు. తిట్లు అతనికి కొత్త కాదు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. రోడ్డుకు రెండు కొసల్లోనూ అడ్డం కట్టిన తాళ్ళను విప్పమని కూడా మీరు ఎవరికీ చెప్పలేదు కదా, బండ్లెట్లా వస్తాయి?

ఎండ నెత్తికెక్కింది. కొండల మీది నుంచి గాలి రావడం మానేసింది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. నీళ్ళబండి రాలేదు. మనోజ్‌కు ఫోన్ చేశాడు. సిగ్నల్ లేదు. కాస్త ఎత్తుకు పోతే దొరుకుతుందేమో, కానీ బాట వదిలి పోకూడదు. పొలంలో దూరంగా మోటారు కొట్టం ఉంది, దాని గోడకు జానెడు నీడ ఉంది. అక్కడికి పోతే మలుపు కనపడదు. తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడ్డాడు.

నడి మధ్యాహ్నం బాటలో మోపెడ్ చప్పుడైంది. వెనక ఐసు పెట్టె కట్టుకుని రామకృష్ణ వచ్చాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఐసు పుల్లలు అమ్ముకునేవాడు. కృపావరం జెండా అడ్డం పెట్టాడు.

"దారియ్యి అన్నా."

"పందెం పోనీ అప్పా."

"పందెం ల్యా, గిందెం ల్యా. నంద్యాలలోనే ఆపేసినారంట. మా బామ్మర్ది ఆడనే ఉండాడు, పొద్దున ఫోన్ చేసె. అందర్నీ బస్సులెక్కించి పంపిచ్చిరంట."

కృపావరం అతని ముఖంలోకి చూశాడు. ఏళ్ళ తరబడి విన్న మాటే, కొంచెం కొత్తగా అల్లాడు. "తెల్ల బండి రాలేదు" అన్నాడు.

"ఏం తెల్ల బండి? నిజమే చెప్తాండా, అమ్మతోడు. నీ మొగం సూసుకున్యావా, ఎట్లయిందో? ఇంద, ఐసు తిను." రామకృష్ణ పెట్టె మూత తీశాడు. పొగలాంటి చలి కృపావరం మోచేతికి తగిలింది. నారింజ రంగు ఐసు. అతని గొంతు తనకు తెలియకుండానే గుటక వేసింది.

ఐసు ఇస్తాననడంతోనే అనుమానం గట్టిపడిపోయింది. దారి కోసం బీడీలిచ్చినవాళ్ళున్నారు, అరటిపండ్లిచ్చినవాళ్ళున్నారు. నిజం చెప్పేవాడు చేతిలో ఏదో ఒకటి పెట్టడం అతను ఎప్పుడూ చూడలేదు.

"నాకొద్దు. వెనక్కి పో నాయనా. సైకిలోళ్ళు గుద్దుకుంటే నీ పానమే పోతాది."

"మొండోడివి గదప్పా! నా ఐసంతా నీళ్ళయిపోతాండాది ఈడ!" రామకృష్ణ మూత ధడేలున వేసి, మోపెడ్ తిప్పుకుని, కాలువ గట్టు మీదుగా పోయాడు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. చప్పుడు దూరమైంది.

ఆ తర్వాత కృపావరానికి చెమట పట్టడం ఆగిపోయింది. ఒళ్ళు చల్లబడిందేమో అనుకున్నాడు. కాళ్ళ కింద కొత్త తారు మెత్తబడింది. రోడ్డు కొసన నీళ్ళు మెరిసినట్టయింది, ఆ నీళ్ళలో తెల్లగా ఏదో కదిలింది. నిటారుగా నిలబడి జెండా ఎత్తాడు. చాలాసేపు ఎత్తే ఉంచాడు. తెల్లటిది దగ్గరికి రాలేదు, దూరం పోలేదు. ఒక పాట చరణం గొణుక్కున్నాడు, మధ్యలో మాట మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఇన్నేళ్ళలో పని మీద ఉండగా ఎప్పుడూ కూర్చోని మనిషి, కిలోమీటరు రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు. బాట వైపు తిరిగే కూర్చున్నాడు. జెండా కర్రను మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సుంకమ్మ ఎనుములతో తిరిగి వచ్చింది. రోడ్డు అంచున వాటిని ఆపింది.

"ఏమప్పా, ఇంకా ఈడనే ఉండావే! కుర్చీ ఈలేదా?"

అతను పలకలేదు. కోపమొచ్చిందేమో అనుకుంది.

"దాటల్లనా, వద్దా? ఎనుములు నీళ్ళకు పోవల్ల, చెప్పప్పా."

అతను పొమ్మంటాడని ఆమె ఆగింది. పొద్దున అతను ఇంక ఆపేస్తానని చెప్పాడని నిజంగానే ఆగింది. దాహం పట్టిన ముందరి ఎనుము ఆగలేదు. రోడ్డెక్కింది, దాటింది, అతని పక్క నుంచే పోతూ తోకతో జెండా గుడ్డను కొట్టింది. కృపావరం దాన్ని అదిలించలేదు. అప్పుడు సుంకమ్మకు అర్థమైంది. చేతిలో కట్టె పారేసి పరుగెత్తింది.

అదే వేళకు ఆళ్లగడ్డలో మీరు వేదిక మీద ఉన్నారు. పెద్ద పెద్ద ఫ్యాన్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. మీలో ఒకరు మైకు పట్టుకుని, ఇంత ఎండలోనూ దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదని చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. పల్లెవాళ్ళు కృపావరాన్ని మంచం మీద ఎత్తి ట్రాక్టరెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ మనిషి మా దగ్గర పనిచేసేవాడు కాదని కాంట్రాక్టరు అన్నాడు. మనోజ్ తల వంచుకుని పక్కనే ఉన్నాడు.

రేపు ఆళ్లగడ్డ నుంచి కడప దాకా పందెంలో తర్వాతి అంచె. ప్రతి మలుపులో, ప్రతి బాట కొసన మళ్ళీ మనుషులను నిలబెడతారు. వాళ్ళ పేర్లు ఈ రాత్రికే తెలుసుకోండి. ఒక్కొక్కరికీ నీడ వేయండి, నీళ్ళు పెట్టండి, వంతు మార్చుకోవడానికి ఇంకో మనిషిని ఇవ్వండి. పందెం ఆగితే ముందు వాళ్ళకు చెప్పండి, ఆ తర్వాతే మీ బస్సులు కదలాలి. కృపావరం మా మనిషే అని ఆ మైకులోనే చెప్పండి. సిరి ఎక్కడుందో వెతికించి, తండ్రి ఎట్లా పోయాడో మీ నోటితోనే చెప్పండి.

ఇంకొకటి. అతన్ని పైకి లేపినప్పుడు ఎడమ కాలి చెప్పు రాలేదు. తారులో కూరుకుపోయి ఆ మలుపులోనే ఉంది. దాన్ని పీకడానికి కూలీలను పంపకండి, మీరే రండి. మధ్యాహ్నం రండి, వట్టికాళ్ళతో రండి.