బోర్లించిన మూకుళ్లు

నేను మూకుళ్లు తోమడం అయ్యేసరికి వర్క్‌షాప్ సైరన్ మోగుతుంది. పదకొండేళ్లుగా అంతే. మా రైల్వే క్వార్టర్ పెరట్లో నాలుగు మట్టి మూకుళ్లు, రెండిట్లో నీళ్లు, రెండిట్లో కొర్రలూ నూకలూ. రోజూ కొబ్బరిపీచుతో తోమి, కొత్త నీళ్లు పోసి, బొప్పాయి చెట్టున రెండు పళ్లు కొయ్యకుండా వదిలి, ఈ పెరట్లోకి పిట్టల్ని నేను రప్పించుకున్నాను. మొదట గోరువంకలు, తర్వాత పిచ్చుకలు, గువ్వలు, చిలకలు. ఇంత సందడి మా లైన్లో ఇంకే పెరట్లోనూ లేదు. గొప్పలు పోతున్నానా? పోతాను. "పిట్టలకేటో ఉప్పు లేకుండా సూసి సూసి పెడతావు, నా కొడుకు కూరలో ఉప్పు మాత్రం సూడవు" అనేది మా అత్త. "పనిలేక పిట్టలతో సంసారం పెట్టినావు" అనేవాడు మా ఆయన బుజ్జిబాబు. ఆ మనిషే మొన్న వాటి ఫొటోలు తీసి, 'నా పిట్టలు' అని రాసి వర్క్‌షాప్ గ్రూపులో పెట్టాడు. పైఅధికారి ముచ్చటపడి, ఆదివారం భార్యతో వచ్చి చూస్తానన్నాడు.

బుధవారం ఒక గువ్వ కళ్లు వాచి, ఈకలు ఉబ్బించుకుని మూకుడు అంచున కూర్చుంది. దగ్గరికెళ్లినా ఎగరలేదు. సాయంత్రానికి చచ్చిపోయింది. మర్నాడు ఒక గోరువంకకీ అవే కళ్లు. ఏడుపొచ్చింది నాకు. పశువుల డాక్టరమ్మ రెబెక్కాకి ఫోన్ చేస్తే, అన్నీ ఒకే చోట తింటే ఒకదాన్నించి ఒకదానికి అంటుకుంటుంది, పదిహేను రోజులు పెట్టడం మానెయ్యండి అంది. మూకుళ్లు బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి, ఎండలో బోర్లించాను.

"ఆదివారం సాహెబ్ వస్తన్నాడు హైమా. ఒక్క రోజు గింజలేస్తే ఏటవుతాది?"

"సస్తాయి."

"నా పరువు పోతాది."

"అది మళ్లీ వస్తాది. పిట్ట రాదు."

ఆదివారం పొద్దున్నే లేచి ఆయన మూకుళ్లు వెల్లకిలా తిప్పాడు. నేను మళ్లీ బోర్లించాను. కొర్రల డబ్బా దాచాల్సిన అవసరం కూడా రాలేదు నాకు. ఇరవై రెండేళ్లుగా వంటింట్లో ఏది ఎక్కడుంటుందో తెలియని మనిషి, ఆ గంటలో పప్పుల డబ్బాలన్నీ తెరిచి ఓడిపోయాడు.

సాహెబ్, ఆయన భార్య వచ్చారు. పెరడు బోసిగా ఉంది. మా ఆయన నవ్వుతూ హిందీలో, "మా ఆవిడ గింజలు పెట్టడం మర్చిపోయింది మేడమ్" అన్నాడు.

వేరే రోజైతే ఊరుకునేదాన్ని. బంగాళాదుంప తరుగుతూనో, టీ కలుపుతూనో ఇలాంటివి ఎన్ని మింగలేదు. కానీ ఆ గువ్వని పాతిపెట్టిన చేతులివి. గోల్‌బజార్లో బేరాలాడి నేర్చుకున్న నా హిందీలోనే అన్నాను: "మర్చిపోలేదు దీదీ. జబ్బొచ్చింది. నేనే ఆపాను."

ఆవిడ మెట్లు దిగి పెరట్లోకొచ్చి, మూకుళ్ల ముందు వంగి చూసింది. "ఏం జబ్బు? మళ్లీ ఎప్పుడొస్తాయి?" అని మా ఆయన్ని అడిగింది. ఆయన నా మొహం చూశాడు.

నేను చెప్పాను, వాచిన కళ్ల సంగతి, బ్లీచింగ్ సంగతి, ఇంకా పదకొండు రోజులుందని. ఆవిడ శ్రద్ధగా విని ఫోన్ తీసింది.

"వచ్చేముందు అడిగి వస్తాను. నంబర్ చెప్పండి."

మా ఆయన తన నంబర్ చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఆపి, నాది చెప్పాను.