కాడి దించిన బండి

"మీ జిల్లాకు పోండి" అన్నాడు కాంపౌండరు, సర్కారు దవాఖాన గేటు అవతల నిలబడి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని.

"మాది బీడ్ జిల్లా సార్. ఎడ్లబండి మీద ఎన్ని దినాలైతదో మీకెరుకేనా? మా ఆయన పొద్దుగూకేదాక ఉండేటట్టు లేడు" అన్నాను.

"అయితే మీ ముకద్దాన్ని అడుగు. కొయితావాళ్ళ రోగాలకు మేం జవాబుదారీ కాదు. ఊరోళ్ళకే సెలైన్లు చాలుతలేవు."

గేటు మూసుకుంది. సర్కారు దవాఖాన అంటే ఎవరి సర్కారుదో ఆ పూట నాకు తెలిసింది.

కలరా అనే మాట ఎవరూ నోట పలకలేదు. కాలువ నీళ్ళు తాగి గుడిసె గుడిసెకూ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, మమ్మల్ని కూలికి తెచ్చిన ముకద్దం కిసన్ "బాగా మెక్కినట్టున్నరు" అని నవ్వాడు. ఏం మెక్కామయ్యా? జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ!

నా పేరు షేవంత. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కొడతాను. కొయితా అంటే చెరుకు కత్తి, మా పనిలో మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక కొయితా. అతను గడ నరికితే నేను ఆకు దూసి మోపు కడతాను. ఇద్దరం బండికెత్తి ఫ్యాక్టరీకి తోలతాం. ఒకరు పడిపోతే రెండోవాళ్ళు సగం కొయితా. సగం కొయితాకు ఎవరూ చేను అప్పజెప్పరు. నా మొగుడు దగడూ ఆ రోజు మా బండిలో, చెరుకాకు మీద ముడుచుకుని పడి ఉన్నాడు.

మా గుడిసెలో రోగం దిగిందని తెలియగానే పక్కనున్న ముక్తాబాయి తన గుడిసె పీకి అవతలి గట్టు మీద వేసుకుంది. ప్రతి ఏడూ నా పొయ్యి మీదే రొట్టెలు కాల్చుకున్న మనిషి. ఒక్క మాట చెప్పి పోలేదు.

బండిని గేటు పక్కన నిలిపి కూర్చున్నాను. ఒక్క సీసా ఎక్కిస్తారు, మధ్యాహ్నానికల్లా చేనికి వెళ్ళి మోపులెత్తుకోవచ్చు అనుకుని ఎడ్లను విప్పలేదు. మా వాళ్ళ బండ్లు ఆ రోడ్డునే చెరుకుతో ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీకి పోతున్నాయి. మెడగంటలు వింటే చాలు, ఎవరి బండో చెప్పగలను. ఒక్కరూ దిగలేదు. ఉత్తమ్ కాకా మాత్రం "పనైపోయిందా బిడ్డా?" అని కేకేసి, జవాబు వినకముందే దాటిపోయాడు. అంతమంది నావాళ్ళ మధ్య నేను ఒక్కదాన్నే ఉన్నాను.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు దగడూ నీళ్ళడిగాడు. పోశాను. మళ్ళీ అడగలేదు.

దహనానికి ముకద్దం ఇద్దరిని పంపాడు. వాళ్ళు కట్టెలు పేర్చి దూరం జరిగారు. గుడిసెకొచ్చి అలవాటుకొద్దీ ఇద్దరికి రొట్టెలు కాల్చాను. అవి చూసి ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు.

అప్పుడొచ్చాడు ఉత్తమ్ కాకా. గుమ్మం బయటే చతికిలబడి తల పట్టుకున్నాడు.

"కాడెందుకు దించలేదే బిడ్డా? కాడి మీదుంటే పని చూసుకుని పోతవనుకున్న. కాడి దించి ఉంటే దాటిపోదునా?"

నిజమే. దారిలో కాడి దించిన బండిని దాటిపోవడం మాలో లేదు. వెనకొచ్చిన ప్రతివాడూ ఆగాలి, భుజం పట్టాలి. ఏ ముకద్దమూ చెప్పనక్కర్లేదు, తాతలనాటి నుంచి ఉన్న కట్టు అది. నేనే దించలేదు. కానీ నాకు కోపం ముంచుకొచ్చింది.

"మనిషి వాలిపోతే కనపడలేదు గని, కాడి వాలితే కనపడేదా కాకా?"



తెల్లారి ముక్తాబాయి వచ్చింది. చేతుల్లో కూతురు సుగంధ, తడిగుడ్డలా వేలాడుతోంది.

"షేవంతా, మా ఆయన బండి తోలుకుని పోయిండు. నీ కాళ్ళు మొక్కుత..."

'పో, ఆ గట్టు మీదనే చావు' అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల నాలుక చూశాను, నిన్న దగడూ నాలుకా అలాగే ఎండిపోయింది.

"బండెక్కు" అన్నాను.

గేటు దగ్గర మళ్ళీ అదే కాంపౌండరు, అదే మాట. బండిని ఫ్యాక్టరీ రోడ్డుకు అడ్డంగా తిప్పి, ఎడ్లను విప్పి, కాడి దించాను.

మొదట వచ్చింది ఉత్తమ్ కాకా బండి. ఆగాడు. నా ముఖం చూసి తన కాడీ దించాడు. ఆయన వెనక బండి ఆగింది, దాని వెనకది ఆగింది. "ఎవరి బండి విరిగింది?" అంటూ జనం పరుగెత్తుకొచ్చారు. పిల్లను చూశారు. వెనక్కి పోయి ఎవరి కాడి వాళ్ళు దించారు.

కాసేపటికి ముకద్దం కిసన్ మోటారు సైకిలు మీద ఊడిపడ్డాడు.

"ఇరుసు మంచిగనే ఉన్నది కదనే! చెరుకు ఎండుతున్నది, తూకం పడిపోతది!"

"పిల్ల ఎండుతున్నది. అది కనపడతలేదా?" అన్నాను.

"నడుమ నన్నెందుకు చంపుతరు?"

"నిన్నెవరు చంపుతరు? సచ్చినోళ్ళందరు మా దిక్కే" అన్నాడు ఉత్తమ్ కాకా. "గేటు తెరిపియ్యి, కాడి లేస్తది."

బండ్ల వరస ఫ్యాక్టరీ దాకా పాకింది. లోపల చెరుకు అందక గానుగలు ఆగిపోయాయి. అప్పుడు తెరుచుకుంది గేటు! డాక్టరు పరుగున వచ్చాడు. మంచాలు లేవన్నాడు. మంచమెవరడిగారు? నా బండి గుంజకే సీసా కట్టారు. చుక్క చుక్కగా సుగంధ ఒంట్లోకి నీళ్ళు దిగాయి.

పోలీసులూ వచ్చారు, రోగం కోసం కాదు, చెరుకు కోసం.

"పిల్లకు ఎక్కించిండ్రు కదా, ఇంకేం కావాలె?"

"గుడిసెలల్ల ఇంకా పడున్నరు సాబ్" అంది ముక్తాబాయి. "వాళ్ళందరు లోపలికి పోవాలె. తాగెతందుకు మంచినీళ్ళు రావాలె. గప్పటిదాక లేపం."

ఒక్క కాడీ లేవలేదు. మొదట దించింది నేనేనని నన్ను జీపెక్కించారు. నా ధ్యాసంతా ఎడ్ల మీదే ఉంది, పొద్దుటి నుంచి నీళ్ళు తాగలేదవి. జీపు కదులుతుంటే ముక్తాబాయి వెంట పరుగెత్తింది.

"ఎడ్లకు నీళ్ళు నేను పెడతనే! గుడిసె మళ్ళ నీ పక్కకే ఏసుకుంటున్నం!"

దగడూ పోయాక మొదటిసారి అప్పుడు ఏడ్చాను, గొంతెత్తి ఏడ్చాను.

"ఇప్పుడు భయమైతున్నదా?" అన్నాడు పోలీసు.

"భయం కాదు సాబ్. జీపు ఎట్ల తోలుతవో చూస్తున్న. ముందర రోడ్డంత మా బండ్లే" అన్నాను.