వెండెల్‌కి ఇచ్చిన మూడు నిమిషాలు

అమెరికాలోని టొలీడో ఊళ్ళో మా నాన్న పెట్టిన మంచాలు, పరుపుల పాత కొట్టు నాది. లాభం లేని పని చేయకూడదని ఆయన నేర్పాడు. నష్టం లేని పని ఎప్పుడైనా చేయవచ్చని నేను సొంతంగా నేర్చుకున్నాను.

కొట్టు గుమ్మంలో వెండెల్ టబ్స్ అనే మనిషి పడుకునేవాడు. ఒకప్పుడు ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. పక్షవాతం వచ్చి మాట తడబడింది, ఉద్యోగం పోయింది, దాని వెనకే ఇల్లూ పోయింది. పొద్దున నేను వీధి మలుపులోనే తాళాల గుత్తి గలగలలాడించేవాణ్ణి. గుమ్మం చేరేసరికి అతను దుప్పటి మడిచి, జుట్టు సవరించుకుని, బస్సు కోసం ఎదురు చూస్తున్నవాడిలా నిలబడి ఉండేవాడు.

"గుడ్ మార్నింగ్, బాస్" అనేవాడు. లేపే చికాకు నాకూ, లేపించుకునే చికాకు అతనికీ తప్పేవి.

మా పక్క ఖాళీ స్థలంలో ఇలాంటివాళ్ళ కోసం నలభై ఇళ్ళు కట్టాలని డార్లీన్ ఓచోవా నడిపే సేవాసంస్థ తలపెట్టింది. కొన్నాళ్ళుంచి పంపేసే సత్రం కాదు. ఉండాలనుకున్నన్నాళ్ళూ ఉండవచ్చు, వచ్చే రాబడిలో కొంత అద్దెగా కట్టాలి, కింది అంతస్తులో నర్సూ, మంచిచెడ్డలు చూసే మనుషులూ ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తానంది. అయితే నెలాఖరులోగా నగర మండలి ఆ స్థలానికి అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సొమ్ము మరో ఊరికి పోతుంది.

డార్లీన్ నా కొట్టుకు వచ్చింది.

"మీరు మాకు వ్యతిరేకంగా మాట్లాడతారట, మిస్టర్ కమిన్స్కీ?"

"మాట్లాడతాను. వీధిలో గుంపు కనబడితే పరుపులు కొనేవాళ్ళు కారు ఆపరమ్మా. గుమ్మంలో ఒక్కణ్ణి పంపించి పక్కన నలభైమందిని పెడతానంటున్నావు. అదేం లెక్క?"

"సొంత గది ఉన్నవాళ్ళు మీ గుమ్మంలో ఎందుకు పడుకుంటారండీ? మీ పరుపులు అంత బాగుంటాయా?"

నవ్వొచ్చింది. బేరం తెలిసిన మనిషి. అయినా మండలి విచారణలో మాట్లాడేవాళ్ళ జాబితాలోంచి నా పేరు వెనక్కి తీసుకోలేదు.

విచారణ రోజు సాయంత్రం మండలి హాలు కిక్కిరిసింది. మా ఊళ్ళో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. గంట మోగగానే మైకు ఆపేస్తారు. కావాలంటే మన వంతు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు.

ఆ ఇళ్ళు వద్దనే పూలకొట్టు రూత్ నా వెనక కూర్చుంది. "గట్టిగా చెప్పు, లెన్. పండగ డిస్కౌంటు అరిచినట్టు అరిచెయ్" అంది.

డార్లీన్ మనుషులు వరసగా లేచి అంకెలు చదివారు. మండలి సభ్యుల ముఖాలు కదల్లేదు. తర్వాత వెండెల్ వంతు వచ్చింది.

"నా పేరు... వెండెల్... టబ్స్. నేను... ఉత్తరాలు..."

ఒక్కో మాటా రావడానికి అతను ఎంత కష్టపడ్డాడో చెప్పలేను. ఉత్తరాలు పంచిన వీధుల దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది. మైకు ఆగిపోయాక కూడా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

తర్వాతి పేరు నాది. నేను రాగానే వెండెల్ అలవాటుగా పక్కకు తప్పుకుని, "గుడ్ మార్నింగ్, బాస్" అన్నాడు. హాల్లో ఎవరో నవ్వారు.

అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. నేను చెప్పబోయేది రూత్ కూడా చెప్పగలదు. అతని దగ్గరున్న సరుకు మాత్రం ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. దొరకని సరుకుకే విలువ.

"నా మూడు నిమిషాలు ఇతనికి ఇస్తున్నానండీ" అన్నాను.

"నీకు మతి పోయిందా, లెన్?" అంది రూత్.

"పండగ డిస్కౌంటు" అన్నాను.

వెండెల్ మైకు పట్టుకున్నాడు. "ఈయన... తాళాలు మోగిస్తాడు. దూరం నుంచే. నేను లేచేదాకా... మెల్లగా నడుస్తాడు. నేను నేల మీద పడుకుని ఉండగా... ఒక్క రోజూ చూడలేదు. ఆ తాళాలు బాస్‌వి. నాకూ... ఒకటి కావాలి."

గంట ఇంకా మోగలేదు. అతను వచ్చి కూర్చున్నాడు.

ఒక్క ఓటు తేడాతో అనుమతి వచ్చింది. ఆ ఓటు ఎవరి మాటకు మొగ్గిందో నాకు తెలియదు. గ్రాంటు ఊళ్ళో నిలిచింది, ఇళ్ళు లేచాయి. మంచాల టెండరు నాకు రాలేదు. నాకన్నా తక్కువకు ఇస్తానన్నవాడికి పోయింది. అది న్యాయమే. కొనేవాళ్ళు మాత్రం కార్లు ఆపుతూనే ఉన్నారు.

ఇళ్ళు తెరిచిన మొదటి వారంలో, ఒక పొద్దున కొట్టులో ఒంటరిగా బల్ల మీద కాళ్ళు బారజాపి డోనట్ తింటున్నాను. వీధి మలుపులోంచి గలగల వినిపించింది. ఆ చప్పుడు చాలా మెల్లగా దగ్గరయింది. కాళ్ళు దించాను, మూతి తుడుచుకున్నాను, చొక్కా సర్దుకున్నాను. ఇవన్నీ అయ్యాకే తలుపు తెరుచుకుంది.

వెండెల్ చేతిలో తాళంచెవి ఉంది. ఒంటరి తాళంచెవి మోగదని రెండు ఇనప వాషర్ బిళ్ళలు కూడా గుచ్చుకున్నాడు.

"గుడ్ మార్నింగ్, బాస్" అన్నాను, ఈసారి నేనే ముందు.

"తలగడ... కావాలి. ఊరికే... వద్దు."

"ఊరికే ఎవడిస్తాడు? బేరమాడు" అన్నాను.

అతను కుర్చీ లాక్కుని, తీరిగ్గా కూర్చుని, బేరం మొదలుపెట్టాడు. ఆ పొద్దుటికి నాకు వేరే తొందరేమీ లేదు.